కొలిచి చేసిన తలుపు

వంటగట్టు కింద కడప బండలు నిలబెట్టి కట్టిన అరలను టేపు పట్టి కొలిస్తే ఒకే కొలత ఉన్నవి రెండు దొరకడం కష్టం. తాపీమేస్త్రి బండను ఎక్కడ నిలబెట్టాడో అదే అర వెడల్పు. పైన 18 అంగుళాలున్నది అడుగుకొచ్చేసరికి పదిహేడుముప్పావు అవుతుంది. పాతిళ్ళ గోడగూళ్ళ సంగతి సరేసరి. ఏళ్ళ తరబడి సున్నం మీద సున్నం పడ్డాక ఏ మూలా మూలమట్టానికి ఒదగదు. 450, 600 మిల్లీమీటర్ల లెక్కన ఫ్యాక్టరీల్లో తయారై వచ్చే తలుపులు వీటికి సరిపోవు. అవి పెట్టాలంటే ఉన్న గట్టు పగలగొట్టి, పెట్టెలతో సహా మాడ్యులర్ కిచెన్ వేయించుకోవాలి. అంత స్తోమత లేనివాళ్ళూ, ఉన్నా పగలగొట్టడం ఇష్టంలేనివాళ్ళూ వడ్రంగి దగ్గరికే వెళ్తారు. రెండు మూడు మిషన్లు, నలుగురు మనుషులతో మన ఊళ్ళలో నడిచే చిన్న వర్క్‌షాపులకు ఇప్పటికీ పని దొరుకుతున్నది చాలావరకు ఈ కొలతల తేడా వల్లే.

ఆ వర్క్‌షాపు ఇవాళ ఏ చెక్కతో తలుపు చేయాలి, ఎలా కూర్చాలి, ఏ పూత పూయాలి, ఏ లెక్కన డబ్బు తీసుకోవాలి అనేవి తేలని ప్రశ్నలుగానే ఉన్నాయి. టేకును మించింది లేదని కొందరంటారు. వంటింటికి ప్లైవుడ్ చాలని మరికొందరు. అంతా సీఎన్‌సీ మిషన్ మీదే కోస్తుంటే చేతిపని ఎందుకని ఇంకొందరు. ఈ వాదాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనబడేది ఒకటే. తలుపు నిలవడమైనా, చెడిపోవడమైనా కర్ర పేరును బట్టి ఉండదు. కర్రలో తేమ ఎంతుంది, కొలత ఎలా తీశారు, తలుపు రెండు ముఖాలనూ ఒకేలా చూశారా అన్న మూడు విషయాలను బట్టి ఉంటుంది. ఇవి మూడూ రంపం పట్టకముందే తేలిపోయేవి. మన దగ్గర డబ్బులు ఇవ్వనిది కూడా ఈ మూడింటికే.

కర్ర దగ్గర మొదలుపెడదాం. గోదావరి మీద దుంగలను తెప్పలుగా కట్టి రాజమండ్రికి దించిన కాలంలో, ఆదిలాబాద్ అడవుల కర్ర చేరువలోనే దొరికిన కాలంలో, స్తోమత ఉన్న ఇళ్ళలో వీధి తలుపుతోపాటు గూటి తలుపూ టేకుదే. టేకు అందనివాళ్ళకు మద్ది, వేగిస, వేప ఉండేవి. 1996 డిసెంబరు 12న టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక ఈ బజారు రూపం మారింది. లైసెన్సు లేని సామిల్లులు మూతపడ్డాయి. అడవిలో చెట్టు కొట్టాలంటే ఆమోదించిన పని ప్రణాళిక ఉండి తీరాలన్నారు. అడవి బతకడానికి అది అవసరమైన ఉత్తర్వే. కర్రపని మాత్రం అక్కణ్ణుంచి దిగుమతుల వైపూ, ప్లైవుడ్ వైపూ మళ్ళింది. 2014 ఏప్రిల్‌లో మయన్మార్ ముడిదుంగల ఎగుమతిని ఆపేయడంతో బర్మా టేకు కూడా గగనమైపోయింది. ఇవాళ హైదరాబాద్ బోయిగూడ, ముషీరాబాద్ డిపోల్లో టేకు అడిగితే ఘానా, నైజీరియా, ఈక్వడార్, కోస్టారికా వంటి దేశాల కర్రను చూపిస్తారు.

తోటల్లో తొందరగా కోతకొచ్చిన టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. చెదను ఆపే గుణం చేవలో ఉంది గానీ తెల్లచెక్కలో లేదు. తెల్లచెక్కలో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి తొలిచే పురుగు కూడా అక్కడికే చేరుతుంది. కొత్త తలుపు కింద తెల్లటి మెత్తని పొడి రాలుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. రంగు కలిపి పాలిష్ పెట్టాక చేవకూ తెల్లచెక్కకూ తేడా కంటికి ఆనదు. కాబట్టి పాలిష్ కాకముందే, వీలైతే చిత్రిక పట్టగానే, పట్టీలను ఒకసారి చూసే హక్కు ఇంటివాళ్ళకు ఉండాలి. చూపించడానికి వెనకాడే వడ్రంగి దగ్గర ఆర్డరు పెట్టకపోవడం మంచిది. అంతమాత్రాన తోట టేకును తీసిపారేయాల్సిన పనిలేదు. గూటి తలుపుకు కావలసినవి రెండు మూడడుగుల పొట్టి ముక్కలే. చేవ ఉన్న భాగాన్ని ఏరి కోసుకునే ఓపిక ఉంటే ఆ కర్ర చక్కగా పనికొస్తుంది.

ఇక తేమ. ఈ పనిలో అన్నిటికంటే పెద్ద విషయమూ, అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునే విషయమూ ఇదే.

ఎండిన కర్ర కూడా గాలిలో తేమను బట్టి నీటిని పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 80 శాతం ఉంటే కర్ర తేమ సుమారు 16 శాతం దగ్గర ఆగుతుంది. గాలి తేమ 40 శాతానికి పడిపోతే కర్ర ఏడున్నర శాతానికి దిగుతుంది. విశాఖపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు మొదటి లెక్కకు దగ్గరగా ఉంటాయి. తెలంగాణలో, రాయలసీమలో ఎండాకాలం రెండో లెక్కకు దిగుతుంది. ఈ మార్పుకు కర్ర పొడవులో తేడా దాదాపు రాదు. వచ్చేదంతా వెడల్పులోనే. అదీ అన్ని పలకల్లో ఒకేలా ఉండదు. దుంగను అడ్డంగా పొరలు పొరలుగా చీల్చిన పలక ఎక్కువ కదులుతుంది, గుండె నుంచి బెరడు వైపుకు చీల్చిన పలక అందులో సగం కదులుతుంది.

అంకెల్లో చూద్దాం. అడుగు వెడల్పున్న టేకు పలకలో తేమ 8 శాతం నుంచి 14 శాతానికి పెరిగిందనుకుందాం. పొరలుగా చీల్చిన పలకైతే వెడల్పు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. రెండో రకం కోతైతే రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మూడు మిల్లీమీటర్లంటే వడ్రంగి భాషలో ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు తలుపుల మధ్య మనం వదిలే సందు కూడా ఇంచుమించు అంతే. పైగా టేకు తక్కువ కదిలే కర్రల్లో ఒకటి. మిగతా నాటుకర్రల్లో చాలావాటికి ఇంతకంటే ఎక్కువే వేసుకోవాలి. వానాకాలంలో అలమార తలుపు పట్టేసి, ఎండాకాలంలో దానంతటదే ఊడివస్తే ఎవరి చేతకానితనమో అనుకుంటాం. అక్కడ జరుగుతున్నది ఈ లెక్కే.

కొలతకు తెచ్చే ముందు కర్ర ఎంతవరకు ఎండాలో చెప్పే భారతీయ ప్రమాణం కూడా ఉంది. ఐఎస్ 287 అనే ఆ ప్రమాణం దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసి, ఏ మండలంలో ఏ పనికి ఎంత తేమ ఉండొచ్చో చెబుతుంది. చిన్న వర్క్‌షాపుల్లో దాన్ని పాటించడం అరుదు. కారణం వడ్రంగి నిర్లక్ష్యమని తేల్చేయడం తేలిక. అసలు కారణం ముహూర్తం. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నవాళ్ళు ఆషాఢం చివర్లో కర్ర కొనిస్తారు. డిపో బయట వానలో తడిసిన పలక పదిహేను రోజుల్లో తలుపై, పాలిష్ కూడా పెట్టించుకుని, పూజ నాటికి గోడకెక్కాలి. మళ్ళీ చైత్ర వైశాఖాలు వచ్చేసరికి ఆ తలుపు పలక ఎండి, మధ్యలో నిలువునా పగులుతుంది. తప్పు ఎవరిది? ఇంటివాళ్ళు వడ్రంగిని అంటారు, వడ్రంగి డిపోను అంటాడు. కర్రకు గడువు ఎవరూ ఇవ్వలేదు.

అయితే పంచాంగమే ఒక దారి కూడా చూపిస్తుంది. పుష్యమాసంలో గృహప్రవేశాలుండవు, పని పలచబడుతుంది, గాలి పొడిగా ఉంటుంది. చేతిలో కాస్త డబ్బు ఆడే వర్క్‌షాపు ఆ నెలలో ఏడాదికి సరిపడా పట్టీలను కోయించి, నీడలో, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం బద్దలు పెట్టి పేర్చుకుంటే చాలు. బద్దలన్నీ ఒకదానిమీద ఒకటి నిట్టనిలువుగా రావాలి, లేకపోతే పలక ఎండేటప్పుడే మెలి తిరుగుతుంది. కొనల నుంచి తేమ తొందరగా పోయి చీలికలు వస్తాయి కాబట్టి కొనలకు పెయింటు పూయాలి. అంగుళం మందం పలకకు ఇలా నెలలు పడుతుంది. అన్ని నెలలు డబ్బు కర్రలో ఇరుక్కుంటుంది. చిన్న వర్క్‌షాపుకు నిజంగా అప్పు అవసరమయ్యే చోటు ఇదే. అప్పు ఇచ్చేవాళ్ళకు మాత్రం మిషన్ కనబడుతుంది గానీ పేర్చిన కర్ర కనబడదు.

కర్ర కదలకుండా ఎవరూ ఆపలేరు. కదిలినా తలుపు కొలత మారకుండా చేసే ఉపాయం మాత్రం పాతదే: చుట్టూ సన్నని చట్రం, మధ్యలో పలక. రెండు నిలువు పట్టీలు, రెండు అడ్డపట్టీలు కలిపి చట్రం. పట్టీ వెడల్పు రెండు రెండున్నర అంగుళాలే కాబట్టి అది కదిలినా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఎక్కువ కదిలే వెడల్పాటి పలక మాత్రం పట్టీల లోపలి గాడిలో స్వేచ్ఛగా కూర్చుంటుంది. ఆ స్వేచ్ఛను పాడుచేయకపోవడమే ఇందులో పనితనం. గాడి లోతు 10 మి.మీ. అనుకుంటే ఎండాకాలంలో చేసే తలుపులో పలక అంచును ఆరేడు మిల్లీమీటర్లే లోపలికి పోనివ్వాలి, మిగిలింది వానకు ఉబ్బడానికి. వానాకాలంలో చేసేటప్పుడు గాడిని దాదాపు నింపొచ్చు, ఆ పలక ఇకమీద తగ్గేదే తప్ప పెరిగేది కాదు. జిగురు పట్టీల మూలలకే పెట్టాలి. పలకకు పెట్టకూడదు, పక్కలనుంచి మేకులు కొట్టకూడదు. పలక గాడిలో జరిగిపోతుందని భయముంటే పైనా కిందా అడ్డపట్టీల నడుమ ఒక్కొక్క చిన్న మేకు చాలు. అప్పుడు కదలిక రెండు వైపులకూ సమానంగా పంచుకుంటుంది.

ఇంకొక జాగ్రత్త చాలామంది వదిలేస్తారు. పలకకు పాలిష్ చట్రంలో బిగించాక కాదు, బిగించకముందే పెట్టాలి. లేకపోతే ఎండలకు పలక ముడుచుకున్నప్పుడు గాడిలో దాగిన రంగులేని అంచు బయటికొచ్చి, చట్రం వెంట తెల్లటి గీత కనబడుతుంది. చక్కటి తలుపు మీద ఆ గీత ఒక్కటి చాలు, ఇంటివాళ్ళకు మనసు విరిగిపోవడానికి.

చట్రం మూలల దగ్గర వాదం పెద్దదే. కుసి, బెజ్జం పద్ధతిలో పట్టీ మందంలో మూడో వంతు మందంతో కుసి తీసి, ఎదుటి పట్టీలో దింపుతారు. రూటర్ బిట్లతో చేసే పద్ధతిలో అడ్డపట్టీ కొనను నిలువు పట్టీ అంచు ఆకారానికి అద్దినట్టు కోసి కలుపుతారు. అది చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, పని త్వరగా అవుతుంది. కాని అక్కడ లోపలికి వెళ్ళే నాలుక పొడవు గాడి లోతంత మాత్రమే, ఆ 10 మి.మీ. చిన్న వంటింటి తలుపుకు, పలక ప్లైవుడ్‌దై గాడిలో జిగురు కూడా పెట్టగలిగితే, ఇప్పటి జిగుర్లతో అది చాలు. ఐదడుగుల టేకు పలక తలుపుకు చాలదు. అక్కడ కుసి తీయాలి, లేదా కనీసం డోవెల్స్ దించాలి. 45 డిగ్రీల మూలకోత అందంగా ఉంటుంది గానీ కర్రకు తగదు. పట్టీ వెడల్పు తగ్గిందంటే మూల కోణమే మారిపోయి లోపలి వైపో, బయటి వైపో సందు విచ్చుకుంటుంది. కర్రపీచు నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు మీద పెయింటు వేసే పనికైతే ఆ మూలకోత పనికొస్తుంది, అది ఇలా ఒక దిక్కుకే కదలదు కాబట్టి.

కర్ర కదలికతో ఈ తంటా అంతా ఎందుకని బోర్డుల వైపు వెళ్ళినవాళ్ళదీ న్యాయమే. మన వంటిళ్ళలో ఇప్పుడు ఎక్కువ తలుపులు బోర్డువే. అయితే బోర్డులన్నీ ఒకటి కావు. ఐఎస్ 303 కింద ఎంఆర్, అంటే తేమను కొంత ఓర్చే, గ్రేడు ప్లైవుడ్ గదిలో అలమారకు సరిపోతుంది గానీ సింకు కింద పెడితే పొరలు విడిపోతుంది. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ 72 గంటలు మరిగే నీళ్ళలో పెట్టినా నిలవాలన్న పరీక్షకు లోబడింది. సింకు కింద రెండు తలుపులకు అది, మిగతావాటికి తక్కువ గ్రేడు పెట్టించుకోవడం తెలివైన పొదుపు. వంటగదంతటికీ మెరైనే కావాలనడం అనవసర ఖర్చు. ఎండీఎఫ్ సాపుగా ఉంటుంది, పెయింటుకు అనువు, కాని అంచున నీళ్ళు తగిలితే ఉబ్బి మళ్ళీ తగ్గదు, అంచులో స్క్రూ పట్టు తక్కువ. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అని అమ్మేది దానికంటే గట్టిది, తేమను కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. పార్టికల్ బోర్డు తలుపులకు వద్దు.

ఆరడుగులు దాటిన పొడవాటి తలుపులకు ప్లైవుడ్ కంటే బ్లాక్‌బోర్డు మేలు. లోపల నిలువునా పరిచిన కర్రబద్దలే దాని బలం. తేలికగానూ ఉంటుంది. ఇక్కడే ఒక దొంగపొదుపు జరుగుతుంటుంది. ఎనిమిది బై నాలుగు షీటులో వృథా తగ్గించడానికి పొట్టి తలుపును అడ్డంగా కోస్తే బద్దలు తలుపుకు అడ్డంగా వస్తాయి. ఆ తలుపు వంగుతుంది. కోసిన అంచు చూస్తే బద్దలు ఎటు పోతున్నాయో ఎవరికైనా తెలిసిపోతుంది. అంచుపట్టీ అంటించకముందే చూడాలి.

మొదట్లో అన్న రెండు ముఖాల విషయం బోర్డుల దగ్గరే బాగా బయటపడుతుంది. ముందువైపు 1 మి.మీ. సన్‌మైకా అంటించి, వెనకవైపు ఎవరు చూస్తారులే అని పెయింటో వార్నీషో కొట్టి వదిలేసిన తలుపులు మన అపార్ట్‌మెంట్లలో కోకొల్లలు. సన్‌మైకా ఉన్న ముఖానికి తేమ అందదు, వెనక ముఖానికి అందుతుంది. వానాకాలంలో వెనక ముఖం ఉబ్బుతుంది, ముందు ముఖం అలాగే ఉండిపోతుంది. తలుపు నడుము లోపలికి పోయి, పై మూలా కింది మూలా ముందుకు లేస్తాయి. కీలు ఎంత సర్దినా ఆ వంపు తగ్గదు. ప్లైవుడ్ నాసిరకమని తిట్టుకుంటాం, ఎంత మంచి ప్లైవుడ్ వేసినా ఇలా చేస్తే వంగుతుంది. వెనకా ఒక పలచని లామినేట్ అంటిస్తే, పెయింటు పనైతే రెండు ముఖాలకూ అన్నే పూతలు వేస్తే, ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కొటేషన్‌లో వెనకవైపు లామినేట్‌ను కొట్టేసి రేటు తగ్గించినవాడికి ఆర్డరు దక్కుతుంది, రెండు వైపులా వేసినవాడు ఖరీదైనవాడనిపించుకుంటాడు.

ఇక కొలత. అర వెడల్పు పైన, నడుమ, అడుగున మూడు చోట్ల తీసి చిన్నదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. మూల నుంచి మూలకు రెండు ఏటవాలు కొలతలూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. కడప బండ అంచులో స్క్రూ నిలవదు కాబట్టి ముందుగా బండలకు కర్రబద్దల చట్రం బిగించి, వంకరను ఆ చట్రంలోనే సర్దేసి, దానికి తలుపు వేలాడదీయడం మన వాళ్ళు కనిపెట్టుకున్న మంచి పద్ధతి. తలుపును వంకరకు తగ్గట్టు కోయడం కంటే ఇది వంద రెట్లు నయం. కంటికి కనబడే గీతలన్నీ తలుపువే గాని బండవి కావు.

కీలు ఏది వాడతారో కొలతకు ముందే తేలాలి. మడతబందులైతే తలుపు అంచును కాస్త చెక్కి దింపితే సరిపోతుంది. ఇప్పుడు అందరూ అడిగేవి తలుపు వెనక గుండ్రటి గుంటలో కూర్చునే కప్పు హింజెలు, మెల్లగా మూసుకునేవి. షాపులో 0 క్రాంక్, 8 క్రాంక్, 15 క్రాంక్ అని అడుగుతారు. తలుపు పెట్టె పక్కను పూర్తిగా కప్పుతుందా, సగం కప్పుతుందా, లోపలికి దిగుతుందా అన్న తేడా అది. తలుపు కొలతే దీన్ని బట్టి మారిపోతుంది. తలుపు కోసేశాక హింజెలు కొనడానికి వెళ్ళడం తలకిందుల వ్యవహారం.

చట్రం తలుపుకు కప్పు హింజె పెట్టేటప్పుడు ఒక చిన్న లెక్కుంది. కప్పు గుంట అడ్డకొలత 35 మి.మీ. అంచు నుంచి 5 మి.మీ. వదిలి తవ్వితే 40 మి.మీ. దాకా వస్తుంది. నిలువు పట్టీ వెడల్పు 50 మి.మీ. అయితే రెండో వైపునుంచి పలక గాడి 10 మి.మీ. తినేస్తుంది. గుంట, గాడి ఒకదాన్నొకటి ముద్దాడతాయి, మధ్య కర్ర మిగలదు. తలుపు బరువంతా వేలాడే చోటే పట్టీ చిల్లుపడుతుంది. పట్టీ 60 మి.మీ. ఉంటే నడుమ 10 మి.మీ. కర్ర మిగులుతుంది. గుంట లోతు 12 మి.మీ. దగ్గర ఆగాలి, 18 మి.మీ. తలుపులో అవతల మిగిలేది ఆరే. డ్రిల్లు ఒక్క పట్టు ఎక్కువ దిగితే ముందు ముఖంపై బొడిపె లేస్తుంది. అందం కోసం సన్నపట్టీలు అడిగేవాళ్ళకు ఈ లెక్క చెప్పాలి, వాళ్ళు అర్థం చేసుకుంటారు.

పూతల విషయం క్లుప్తంగానే. స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పట్టించే పాలిష్‌కు ఉన్న లోతు మరే పూతకూ లేదన్నది నా నమ్మకం. కాని వంటింటికి అది పనికిరాదు. ఏటికొప్పాక బొమ్మల పనిలో లేతు మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికే అది కరిగి అంటుకుంటుంది. బొమ్మకు రంగునిచ్చే ఆ గుణమే పొయ్యి పక్క తలుపుకు చేటు. తడి పడినా తెల్లమచ్చ కడుతుంది. దేవుడి గూటికి, పుస్తకాల అలమారకు లక్క ఉంచుకుని, వంటింటికి మెలమైన్ పూతో, పీయూ (పాలీయూరిథేన్) పూతో వేయాలి. పీయూ ఖరీదెక్కువైనా తాలింపు జిడ్డును తడిగుడ్డతో తుడవనిస్తుంది.

సీఎన్‌సీ గురించి భయాలు ఎక్కువ. నగరాల్లో జాబ్‌వర్క్ మీద కోసిచ్చే షాపులు పెరిగాక చిన్న వర్క్‌షాపు ఫైలు పంపించి, కోయించిన ఎండీఎఫ్ తెచ్చుకుని, పెయింటు వేసి బిగించగలుగుతోంది. లక్షలు పోసి మిషన్ కొననక్కర్లేదు. మిషన్ కొలత తీయలేదు, తేమ చూడలేదు, మూడిళ్ళ అవతల బండ వంకరను సర్దలేదు. చేతిపనిలో గట్టిగా మిగిలినవి ఇవే. చెక్కడపు పనిలో కొంత భాగం పోతుంది, అది నిజం.

వీటన్నిటికంటే తక్షణం మారాల్సింది షెడ్డులోని గాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనిషికి క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు, దాని చుట్టుపక్కల బోలు భాగాల క్యాన్సర్ దీని వల్ల వస్తుంది. బోర్డుల జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ కూడా తర్వాత అదే వర్గంలో చేరింది. ఎండీఎఫ్ కోసేటప్పుడు లేచే పొడి మరీ సన్నం. ముఖానికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఆపదు. మన చిన్న షెడ్డుల్లో కట్టర్ మిషన్‌ను తలకిందులుగా బల్ల కింద బిగించి, రక్షణ కవచం తీసేసి, రోజంతా కోయడం మామూలైపోయింది. వేళ్ళు పోయిన పనివాళ్ళు లేని బజారు ఉండదు. కస్టమర్ చెల్లించే రేటులో మాస్కుకూ, పొడి లాగే యంత్రానికీ చోటు లేకపోతే ఆ రేటు తక్కువని మురిసిపోవడానికి ఏమీ లేదు.

రేటు అనగానే చదరపుటడుగు లెక్క వస్తుంది. మన బజారులో తలుపు పనంతా ఎస్ఎఫ్‌టీ మీదే నడుస్తుంది, నా దృష్టిలో అన్ని తప్పులకూ మూలం అదే. ఒక తలుపు అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుందాం: ఒకటిన్నర చదరపుటడుగులు. మరొకటి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు: ఎనిమిది చదరపుటడుగులు. మొదటిదానికీ నాలుగు మూలలే, రెండోదానికీ నాలుగే. చిన్నదానికి రెండు హింజెలు, పెద్దదానికి మూడు. అంచు చూస్తే చిన్నదానికి ఐదడుగులు, పెద్దదానికి పన్నెండు. అంటే చదరపుటడుగుకు చిన్న తలుపులో మూడడుగుల పైగా అంచు, పెద్దదాంట్లో ఒకటిన్నర. పని రెట్టింపుకు మించి ఉండగా డబ్బు అదే రేటు. వంటగట్టు కింద చిన్న చిన్న తలుపులు పన్నెండు చేసినవాడు నష్టపోతాడు, గోడంత వార్డ్‌రోబ్ చేసినవాడు నిలదొక్కుకుంటాడు. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి వెనకవైపు లామినేట్ ఎగిరిపోతుంది, కుసి పోయి మేకు వస్తుంది, ఎండని కర్ర వస్తుంది.

దీనికి బదులు సరుకు అసలు ధరకు, పని తలుపుకు ఇంతని, హింజె బిగింపు ఒక్కోదానికి ఇంతని విడగొట్టి రాయొచ్చు. కొలతకు రావడానికి వేరే రుసుము పెట్టి, ఆర్డరు ఇస్తే బిల్లులో తగ్గించొచ్చు. తలుపులు బిగించాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక వచ్చి హింజెల స్క్రూలు సర్ది వెళ్ళడం కూడా మొదటి బిల్లులోనే ఉండాలి. కప్పు హింజెకు తలుపును పక్కకూ, పైకీ, ముందుకూ జరిపే స్క్రూలు ఉన్నది ఇందుకే, కాని బిగించిన రోజు తర్వాత వాటిని తాకే మనిషి ఇంటికి రాడు. ఫ్యాక్టరీ ఈ రెండో రాకను అమ్మలేదు. ఊళ్ళో ఉన్న వడ్రంగి అమ్మగలడు. ఇంటివాళ్ళ తరఫున కూడా ఒక మాట: రేటు అడిగేముందు, కర్ర ఎప్పుడు కోయించారు, వెనక ఏం అంటిస్తారు, వచ్చే వేసవికి ఒకసారి వస్తారా అని అడగాలి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చినవాడికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

పని నేర్చుకునేవాళ్ళ సంగతి చివరగా. వడ్రంగం ఒకప్పుడు విశ్వబ్రాహ్మణ ఇళ్ళలో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకున్న పని. ఇప్పుడు హైదరాబాద్ సైట్లలో రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. బోర్డు పనిలో వాళ్ళ వేగం మెచ్చుకోదగ్గది. పట్టీ, పలక, కుసి తెలిసినవాళ్ళు మాత్రం రెండు వైపులా తగ్గుతున్నారు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల్లో వడ్రంగాన్నీ చేర్చింది. శిక్షణలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు అందులో ఉన్నాయి. ఆ 15 వేలతో మరో రూటర్ కొనాలనిపించడం సహజం. నన్నడిగితే ముందు కర్రలో తేమ చూపే మీటరు, నమ్మదగిన మూలమట్టం, పదునైన 35 మి.మీ. బిట్టు, ఎన్95 మాస్కుల పెట్టె కొనమంటాను. ఆ మొదటి లక్ష అప్పును పుష్యమాసంలో కోయించి పేర్చుకునే కర్ర మీద పెట్టమంటాను. శిక్షణలో మొదటి రోజును కూడా మిషన్‌కు కాక ఆ మీటరుకే కేటాయించాలి: తడి పలక ఒకటి, ఎండిన పలక ఒకటి పక్కపక్కన పెట్టి, రెండింటి వెడల్పునూ గీత పెట్టి కొలిపించి, నెల తర్వాత అదే గీత దగ్గర మళ్ళీ కొలిపించాలి.